చాచిన చెయ్యి

మా పక్క క్వార్టర్ పిల్లకు ఒక అలవాటుండేది. తను ఎవరికైనా ఏదైనా ఇస్తే, ఇచ్చిన చెయ్యి అలాగే చాచి నిలబడేది. కూరగిన్నె తెచ్చినా అంతే.

"అక్కా, బొగ్గుబాయిల దిగెటప్పుడు మా నాయిన ఇత్తడి బిళ్ళ ఇస్తెనే దీపమిస్తరు. మరి నువ్వేమిస్తవ్?" అని నవ్వేది. నేను కాస్త ప్రసాదం పెట్టేదాన్ని.

డెబ్బైల్లో ఒక ఏడాది సర్కారు యూనివర్సిటీ నిధుల్లో కోత పెట్టింది. అప్పటికి అక్కడ చదువుతున్న ఆ పిల్ల ఉండే హాస్టల్ మూసేస్తామన్నారు. హాస్టల్ లేకపోతే ఆమె చదువు ఆగినట్టే. ఎమ్మెల్యేగారు మా కాలనీకి వస్తున్నారని తెలిసి, తన రాత బాగుండదని, తను చెబుతూ నాచేత అర్జీ రాయించింది. బడి మొహం చూడని నాకు రామకోటి రాసి రాసి అక్షరాలు గుండ్రంగా కుదిరాయి.

ఆయన అర్జీ అందుకుని, చదవకుండానే మడిచారు. ఆమె చెయ్యి చాచే ఉంది.

"ఇంకేంది బిడ్డా?"

"హాస్టల్ మూయనియ్యనని మాటియ్యుండ్రి సార్."

"చూద్దాం తియ్యి."

"మాట ఇయ్యకుంటే మా కాగితం మాకియ్యుండ్రి. ఊకె ఇయ్యం."

అందరి ముందూ అర్జీ వెనక్కి తీసుకుంది. ఆమె తిన్నగా నా దగ్గరకే వచ్చింది.

"అక్కా, మళ్ళ రాయి, గీసారి పెద్దగ. షిఫ్టోళ్ళందరితోని ఏలిముద్రలు ఏయిస్త. అసెంబ్లీ కాడికే పోయి చెయ్యి చాపుత."

ఇంట్లో వేరే తెల్లకాగితం లేదు. రామకోటి పుస్తకంలో మిగిలిన ఖాళీ కాగితాలు చింపి రాశాను. ఆ చేతిలో పెట్టడానికి నా దగ్గర ఆ మాత్రం ఉంచినందుకు రాముడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.