వడ్డించేవాడి ఆకు

నేను అయిదో తరగతిలో బడి నుంచి పారిపోయి, తిన్నగా పోయి పలకల ఫ్యాక్టరీలో పడ్డాను. మార్కాపురంలో పుట్టినవాడు పలకకు భయపడి ఎటు పరిగెత్తినా మళ్లీ పలక మీదే పడతాడని ఆ వయసులో తెలియదు. నాతో చదివినవాళ్లు పలకల మీద రాసి రాసి ఉద్యోగాలకు పోయారు. నేను ఆ పలకలు కోసి, అంచులు నున్నగా చేసి, ఇంకా అక్కడే ఉన్నాను. "ఏం చదివినావు?" అని ఎవరైనా అడిగితే, "నేను చదవలేదు గానీ, జిల్లా మొత్తం చదివింది నా చేతి మీదుగానే" అంటాను. నవ్వుతారు. నవ్వినాక ఇంకో ప్రశ్న అడగరు. నా మాటలవల్ల నాకు మిగిలే లాభం అదే.

ఆ పలకలవల్లే ఒక వేసవి ముందు నేను మళ్లీ క్లాసుల్లో చేరవలసి వచ్చింది. ఊరి చివర అటవీశాఖ వాళ్లు కంచె వేసి చెట్లు పెంచిన పార్కు ఒకటుంది. గేటు మీద దానికి పెద్ద పేరే రాశారు. మేము ఫారెస్టోళ్ల పార్కు అంటాం. శివరాత్రి అయిన కొత్తలో ఆ పార్కు చూసే మేడం మా ఫ్యాక్టరీకి వచ్చింది. చిన్న వయసు, గిద్దలూరు పక్క మనిషి.

"అన్నా, పలకలు కావాల. చెట్లకు పేర్లు రాసి కట్టేదానికి. అంచులు విరిగినవైనా పర్వాలేదు."

"ఇక్కడ ఉండేవన్నీ విరిగినవే మేడం, నాతో సహా" అన్నాను.

ఆమె పేర్లు చెబుతుంటే నేను తెల్ల పెయింటుతో రాశాను. వేప, కానుగ, మోదుగ, నెమలినార, రేల. ఆ శనివారం సాయంత్రం పార్కుకు పోయి తీగలతో కట్టి వచ్చాను. అన్నీ కట్టాక వెనక్కి తిరిగి చూస్తే చెట్లన్నీ బడికి తయారైన పిల్లల మాదిరి నిలబడి ఉన్నాయి.

"చూడండి మేడం, బడి ఎగ్గొట్టినోడే మెడకు పలక కట్టి చెట్లను బడికి పంపిస్తున్నాడు."

మేడం పడీపడీ నవ్వింది. "రేపు పొద్దున ఊరోళ్లకు చెట్ల క్లాసుంది, నువ్వు గూడా రా అన్నా. నువ్వుంటే ఎవరూ నిద్రపోరు."

"క్లాసంటే నా కాళ్లు వాటంతటవే పరిగెత్తుతాయి మేడం."

"నడుస్తా చెప్పే క్లాసే. నువ్వు పరిగెత్తినా అందులోకే వస్తుంది."

పోయాను. చెట్ల మీద ప్రేమతో పోయానని చెబితే ఆ చెట్లే నవ్వుతాయి. ఆదివారం కాబట్టి పోయాను. ఆదివారం ఫ్యాక్టరీ ఉండదు. నా గదిలో టీ మరిగే చప్పుడు తప్ప వేరే మాట ఉండదు. పొద్దున లేచింది మొదలు నోరు తెరిచే పని పడదు. పొద్దు గుంకాక దుకాణానికి పోయి అగ్గిపెట్టె అడిగేటప్పటికి గొంతు జీరపోయి, ఇది నా గొంతేనా అని నాకే అనుమానం వస్తుంది.

పెళ్లి కాలేదు. చూపులకు పోలేదని కాదు. పొదిలిలో ఒకరింట్లో నా మాటలకు పిల్ల నాయన నవ్వి నవ్వి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "భలే సరదా మనిషివి నాయనా" అని వీపు తట్టి పంపించాడు. తర్వాత పిల్లను నోట్లో నాలుక లేని ఎరువుల దుకాణం అబ్బాయికి ఇచ్చాడు. ఆ అబ్బాయి ఆ రోజు ఏ మాటా మాట్లాడి ఉండడు. నేను ఆలోచించింది అదే, చాలా రోజులు.

క్లాసుకు ఇరవై, పాతికమంది వచ్చేవాళ్లు. ఎండ కొరకడం మొదలుకాక ముందే నడక మొదలయ్యేది. మోదుగకు ఒక్క ఆకు లేదు, ఒళ్లంతా ఎర్రటి పూలు. "వాసన చూడండి" అనేది మేడం. అందరూ చూసేవాళ్లం. వాసన ఉండదు. "చూసినారా, ఇది పిట్టల కోసం పూసింది, మన కోసం కాదు" అనేది. వేప రాగిరంగు చిగురు వేసింది, మరో రెండు వారాలకు పూత పట్టింది. కానుగ ఉన్న ఆకంతా రాల్చేసి, మళ్లీ ఆదివారానికి నూనె రాసుకున్నట్టు మెరిసే ఆకులతో నిలబడింది. దాని కింద రాలిన పూలు బొరుగులు పోసినట్టుండేవి. మేడం చెట్టు గురించి చెప్పడం, నేను చెట్టు తరఫున ఒక మాట అందించడం. మోదుగ దగ్గర, "బట్టలు లేకపోయినా నగలు మాత్రం దిగేసుకుంది మేడం" అంటే ఆడవాళ్లంతా నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

మా వైపు కొత్త మనిషి కనబడితే ముందు వరస కలుపుకోవాలి. పేరు తెలియకపోయినా నడుస్తుంది, వరస తెలియకపోతే నోరు రాదు. క్లాసులో ఒక రిటైరైన బస్సు కండక్టరు ఉండేవాడు. భార్య, ఇద్దరు కోడళ్లు, మనవళ్లతో కలిసి వచ్చేవాడు. మొదటిరోజే నన్ను పట్టుకున్నాడు.

"ఏ ఊరు? ఎవరి తాలూకు?"

"ఈ ఊరే. నా తాలూకు నేనే."

"అట్లయితే నాకు బావవి అవుతావులే. ఎవరూ లేనోళ్లంతా నాకు బావలే, టికెట్టు లేనోళ్ల మాదిరి."

దోర్నాల రోడ్డు మీద పల్లె నుంచి ఒకామె వచ్చేది. అంగన్‌వాడీలో ఆయా. భర్త తాపీపని చేస్తాడు. అత్తనూ వెంట తెచ్చుకునేది. పొద్దున క్లాసు చూసుకుని అటునుంచి అటే చర్చికి పోయేవాళ్లు. ఆమె నన్ను తమ్ముడు అన్నది. నేను ఆమెకన్నా పెద్దవాణ్ణేమోనని గుర్తు చేశాను.

"అన్నా అంటే నువ్వు నాకు బుద్ధులు చెప్తావు. తమ్ముడంటే నేను నీకు చెప్పొచ్చు" అన్నది.

అట్లా ఒక అక్క, ఒక బావ, అన్నా అని పిలిచే మేడం దొరికారు. గేట్లో అడుగు పెట్టగానే "వచ్చినావా" అని ఎవరో ఒకరు అనేవాళ్లు. పెద్ద మాటేం కాదు. కానీ మనం వచ్చామా రాలేదా అని ఒకరు చూడడం నాకు కొత్త. తొమ్మిదింటికి క్లాసు ముగిసేది. బండ్లు స్టార్టయ్యేవి, ఒక్కోదాని మీద ముగ్గురు, నలుగురు. కలిపిన వరసలన్నీ గేటు దాకా వచ్చి ఆగిపోయేవి. నేను చెప్పులో రాయి పడినట్టు నటించి, అందరూ వెళ్లేదాకా వంగి ఉండేవాణ్ణి.

ఉగాది పోయింది. ఎండలు ముదిరాయి. వచ్చే ఆదివారం ఆఖరు, మళ్లీ వానలు పడేదాకా క్లాసులుండవని మేడం చెప్పింది. ఆ రోజు అందరూ క్యారియర్లు తెచ్చుకుని చెట్ల కిందే భోంచేద్దామన్నది.

"వనభోజనాలంటే కార్తీకంలో గదా మేడం" అన్నాడు కండక్టరు బావ.

"చెట్టు కింద తినేదానికి నెలేంది పెద్దయ్యా?"

"అదీ నిజమే. బావా, నువ్వు మాత్రం రావాల. నువ్వు లేకుంటే మాకు ముద్ద దిగదు."

"మా కాడికి రా తమ్ముడూ" అని అక్క అన్నది. ఇంకో ఇద్దరు కూడా అన్నారు. నేను అందరికీ సరే అన్నాను.

వారమంతా అదే ఆలోచన. ఎవరి చాప మీద కూర్చోవాలి? కూరల మీద ఆశ కాదు నాది. నలుగురి మధ్యలో ఒక ఆకు కావాలి, అంతే. పండగైనా పబ్బమైనా నేను తినేది హోటల్లో, లేకపోతే గదిలో. రెండు చోట్లా గోడకు ఎదురుగానే. ఒక్కడు వస్తే హోటలువాడు కూడా గోడ పక్క బల్లే చూపిస్తాడు.

చింతచిగురు పప్పు చేశాను. నాకు బాగా వచ్చిన వంట అదొక్కటే. ఒక్కడికి వండుకునేవాడికి అంతమందికి కొలత తెలియదు. ఇంటిగలామె దగ్గర పెద్ద గిన్నె అడిగి తెచ్చి, దాని నిండా చేశాను. గరిటె గిన్నెలోనే పెట్టుకుని, ఆటోలో గిన్నెను ఒళ్లో పెట్టుకుని పోయాను. ప్యాంటు కాలినా కింద పెట్టలేదు.

అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. ఎట్లాగో చెప్పాలంటే మా పెళ్లి భోజనాల సంగతి చెప్పాలి. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లు అందరితో కూర్చోరు. బంతి మీద బంతి లేస్తుంది, చుట్టాలంతా తింటారు, చివరికి వడ్డించినవాళ్లంతా కలిసి ఒకటే వరుసగా కూర్చుంటారు. గిన్నెల అడుగున మిగిలిన కూర, మాడిన అన్నం, ఒకరి ఆకులోంచి ఒకరు లాక్కోవడం. ఆ ఆఖరి బంతిలో ఉన్న రుచి ముందు బంతుల్లో ఉండదు. మీసాలు రాకముందు నుంచీ నేను ఊళ్లో పెళ్లిళ్లలో వడ్డించాను. ఆ వరుసలో నీకు భార్య ఉందా, పిల్లలున్నారా అని ఎవరూ అడగరు. చేతిలో గరిటె ఉంటే చాలు, చోటు దానంతటదే వస్తుంది. నలుగురితో కలిసి తినడం అంటే నాకు తెలిసింది అదొక్కటే.

అందుకని పార్కులో చాపలు పరిచి, ఆకులు వేయగానే నేను గరిటె అందుకున్నాను.

"చిగురు పప్పు, చిగురు పప్పు! మెడలో పలక లేని చెట్టుది, చదువు అంటుకోదు, ధైర్యంగా తినండి!"

ఒక చాప నుంచి ఇంకో చాపకు తిరిగాను. కండక్టరు బావ ఆకులో పోస్తే, "కూర్చో బావా" అన్నాడు.

"వడ్డించేవాడు ముందు కూర్చుంటే మర్యాదనా? ఆఖరి బంతికి కూర్చుంటాలే."

అక్క వాళ్లు కానుగ కింద ఉన్నారు. "తమ్ముడూ, ఇంక చాలు, ఇట్ల రా" అని పిలిచింది.

"వస్తనే అక్కా, అటువైపు ఇంకా పప్పు పడలేదు."

అటువైపు పోయాను. మళ్లీ పిలిచింది. చేత్తోనే వస్తున్నానని సైగ చేశాను. ఇంకో చాప వాళ్ల అన్నం గిన్నె తీసుకుని వాళ్లకే వడ్డించాను. ఇంకొకరి సాంబారు మోశాను. అందరూ నవ్వుతున్నారు. నా వెనక ఎక్కడో నా మాట మళ్లీ చెప్పుకుని నవ్వుతున్నారు. మార్కాపురంలో ఆ ఘడియకు నాకన్నా ఎక్కువ చుట్టాలున్నవాడు లేడనిపించింది.

గిన్నె గీకి, అడుగున ఉన్న పప్పు ఒక ముసలాయనకు వేసి, నడుం నిటారు చేసి చూశాను. ఆకులు మడుస్తున్నారు.

ఆఖరి బంతి లేదు. ఎందుకుంటుంది? ఎవరింటివాళ్లు వాళ్లకే వడ్డించుకున్నారు, ఎవరి చాప మీద వాళ్లే తిన్నారు. మొత్తం పార్కులో వడ్డించేవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్కడితో బంతి అవుతుందా? కండక్టరు బావ ఇంటివాళ్లు నేను అక్క వాళ్ల దగ్గర తిన్నాననుకున్నారు. ఆ పక్క చాపవాళ్లు కండక్టరు దగ్గర తిన్నాననుకున్నారు. అక్క వాళ్ల చాప అప్పటికే మడిచి ఉంది, మధ్యాహ్నం ప్రార్థన ఉందని గేటు వైపు పోతున్నారు. ఆమె తిరిగి చూసింది. నేను గరిటె ఎత్తి ఊపాను.

కుళాయి దగ్గర గిన్నె కడుగుతుంటే కండక్టరు బావ చేతులు కడుక్కోడానికి వచ్చాడు.

"కడుపునిండా తిన్నావా బావా?"

"తినకపోతే ఊరుకుంటానా! మీ ఇంటి గుత్తొంకాయలో నువ్వులు కొంచెం మాడినాయి. అయినా వేలు నాక్కున్నా."

"మా పెద్ద కోడలు చేసింది. నేనేమీ అనలేకపోయినా. నువ్వన్నావని చెప్తా ఉండు" అని నవ్వుకుంటూ పోయాడు. నువ్వులు మాడిన సంగతి నాకు వాసన చెప్పింది. గిన్నె చేతిలో ఉన్నప్పుడు ముక్కు బాగా పనిచేస్తుంది.

ఆటో కోసం ఆగలేదు. మిట్టమధ్యాహ్నం, ఖాళీ గిన్నె నెత్తిన బోర్లించుకుని నడిచాను. ఎండకు అది అడ్డం, మనుషులకు అది నవ్వు. దారిలో ఇద్దరు నవ్వారు కూడా. గదికి వచ్చి, ఇంత అన్నం వండి, పచ్చడి వేసుకుని గోడకు ఎదురుగా కూర్చుని తిన్నాను. చేసిన పప్పు ఎట్లా కుదిరిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ వారంలోనే కూరగాయల మార్కెట్‌లో అక్క కనబడింది. వంకాయలు ఏరుతోంది. ఆమె ఎదురుపడితే అనాలని ముందే తయారుచేసి పెట్టుకున్న మాట నా దగ్గర ఉంది. నవ్వించే మాటే.

"ఏందక్కా, అంతమందికి పప్పు పోసినా గదా, నాకు ఒక్క ఆకన్నా వేసినారా? పేరుకు పార్కు నిండా చుట్టాలే, కూటి కాడ మాత్రం నేను టికెట్టు లేనోణ్ణి!"

అక్క నవ్వలేదు. చేతిలో వంకాయ తట్టలో పడేసింది.

"మా ఇంటాయన పక్కనే వేసినా నీకు ఆకు. నీళ్లు గూడా చల్లినా. గాలికి ఎగిరిపోతాంటే ఉప్పు పొట్లం బరువు పెట్టినా. మా అత్త అన్నం కలుపుకొని, 'ఆ పిల్లోడు రానీ, వచ్చినాక తిందాం' అని చెయ్యి ఎండబెట్టుకొని కూర్చునింది. పిలిచినప్పుడల్లా వస్తనే, వస్తనే అంటివి. ఆకు వేసేది మేమే తమ్ముడూ, కూర్చునేది గూడా మేమే కూర్చోవాల్నా నీ బదులు?"