జైసల్మేర్‌లో సింగపూర్ టైము

మా మావయ్యగారు ముప్ఫై రెండేళ్ళు గోదావరి జిల్లా బడుల్లో సోషల్ పాఠాలు చెప్పారు. థార్ ఎడారి పాఠం చెప్పని ఏడాది లేదు గానీ, ఎడారిని కళ్ళతో చూసింది లేదు. రిటైరయ్యాక సింగపూర్‌లో మా దగ్గర రెండు నెలలు ఉండడానికి వచ్చారు. తిరుగు ప్రయాణంలో అందరం కలిసి జైసల్మేర్ చూడాలని, ఢిల్లీలో ఆయన్ని రాజమండ్రి రైలెక్కించి మేం వెనక్కి రావాలని అనుకున్నాం. పాపకు డిసెంబరు సెలవులు. అన్నీ కుదిరాయి.

బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు నా ఉద్యోగం పోయింది.

ఇంటర్నెట్ కంపెనీలు ఎంత వేగంగా పెరిగాయో అంత వేగంగా మూతబడుతున్న రోజులవి. సోమవారం ఉదయం మేనేజరు నన్ను చిన్న గదిలోకి పిలిచి, టేబుల్ మీద ఒక కవరు పెట్టాడు. నెల రోజుల నోటీసు. ఆఫీసుకు ఇక రానక్కర్లేదు. నెలాఖరున, సింగపూర్‌లో పనిచేయడానికిచ్చిన నా పాసు రద్దవుతుంది. నా పాసు మీదే మా ఆయనా, పాపా ఆ దేశంలో ఉన్నారు. నా కోసం కాకినాడలో లెక్చరర్ ఉద్యోగానికి రాజీనామా చేసి వచ్చిన మనిషి ఆయన. అందుకు మావయ్యగారు ఆరు నెలలు మాతో మాట్లాడలేదు. ఇప్పుడిప్పుడే నాతో నవ్వుతూ మాట్లాడుతున్నారు.

జురాంగ్ వెస్ట్‌లో మా ఫ్లాట్ల బ్లాక్ కింద సిమెంటు బెంచీ మీద కూర్చుని మా ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు బస్సులు వచ్చి పోవడం చూశారు.

"నాన్నగారికి మాత్రం చెప్పొద్దే. ఈ ట్రిప్ అయిపోనీ" అన్నారు.

అలా, ఇంట్లో ఏమీ జరగనట్టు సూట్‌కేసులు సర్దాం.

జైసల్మేర్‌లో రైలు దిగేసరికి కోట ఎదురుగా ఉంది. మధ్యాహ్నపు ఎండలో రాయి మొత్తం పసుపు ముద్దలా మెరుస్తోంది. మావయ్యగారు ప్లాట్‌ఫారం మీద చేతిసంచీ వదిలేసి నిలబడిపోయారు. "ఇన్నేళ్ళూ బోర్డు మీద సుద్దముక్కతో గీశానమ్మా దీన్ని" అన్నారు. నేను "అవును మావయ్యగారూ, చాలా బాగుంది" అన్నాను. నా కళ్ళు మాత్రం స్టేషన్ బయట ఎస్టీడీ బూత్ ఎక్కడుందా అని వెతుకుతున్నాయి.

సింగపూర్‌లో ఒక కంపెనీ నాకు ఫోన్‌లో ఇంటర్వ్యూ పెడతానంది. గురువారం, వాళ్ళ టైము ప్రకారం మూడింటికి. కోట లోపలి మా హోటల్ నంబరు ఇచ్చాను. పంపిన అప్లికేషన్లన్నిటికీ వచ్చిన జవాబు అదొక్కటే. చేతి గడియారాన్ని సింగపూర్ టైములోనే ఉంచుకున్నాను.

ఆ రెండు రోజులూ ఏం చూశానో సగం గుర్తులేదు. హవేలీలనే పాత మేడల కిటికీల్లో రాతిని లేసులా చెక్కిన పనితనం చూపిస్తూ మావయ్యగారు పాపకు పాఠం చెబుతున్నారు. పాప తన సింగపూర్ ఇంగ్లీషులో "తాతయ్యా, సో హాట్ లా, ఐస్‌క్రీమ్ కెన్?" అంటోంది. గడీసర్ చెరువు మెట్ల మీద మా ఆయన మా అందరికీ ఫోటో తీశారు. ఆ ఫోటోలో నేను నవ్వుతున్నాను. పక్కకు చూస్తున్నాను.

గురువారం తలనొప్పని చెప్పి హోటల్లో ఉండిపోయాను. మిగిలిన ముగ్గురూ జైన గుడులకు వెళ్ళారు. ఇక్కడి టైము పన్నెండున్నర అయింది. ఫోన్ మోగలేదు. ఒంటిగంటకు రిసీవర్ ఎత్తి చూస్తే లోపల ఏ చప్పుడూ లేదు. వీధిలో డ్రైనేజీ కోసం తవ్వుతూ కేబుల్ తెంపేశారని హోటలాయన తాపీగా చెప్పాడు. కోట లోపల చాలా ఫోన్లు పనిచేయడం లేదట.

నేను కోట వాలు దారిలో పరిగెత్తాను. ఆవుల్నీ, బొమ్మలమ్మేవాళ్ళనీ తోసుకుంటూ కింద బజారుకు చేరి, బూత్ దొరకబుచ్చుకుని కాల్ చేశాను. అవతల సెక్రటరీ మర్యాదగానే మాట్లాడింది. వాళ్ళు మూడుసార్లు ప్రయత్నించారట. మేనేజరు మీటింగులో ఉన్నాడు, ఐదున్నరకు మళ్ళీ చేయమంది. అంటే మాకు మధ్యాహ్నం మూడు.

పైకి వచ్చేసరికి హోటల్ ముందు జీపు, అందులో మావయ్యగారు.

"రా అమ్మాయ్, నీ కోసమే చూస్తున్నాం. కుల్ధరా చూసి, అటు నుంచి సమ్ ఇసుక దిబ్బలకి. రేపే మన రైలు."

నేను రానన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. సమ్‌లో ఫోన్ ఉందా అని డ్రైవర్ని అడిగాను. టూరిస్టుల గుడారాల దగ్గర ఉందన్నాడు. ఎక్కాను.

కుల్ధరా ఊరంతా గోడలే. పైకప్పులు లేవు. జనం ఒక్కసారిగా ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారని అక్కడ చెప్పుకుంటారు. మావయ్యగారు ఒక్కో ఇంట్లోకీ వెళ్ళి, ఇది వంటగది, ఇది ధాన్యం గది అంటూ పాపకు చూపిస్తున్నారు. రెండుంపావు. రెండు ఇరవై. మా ఆయన నా వైపు చూడడానికి భయపడుతున్నారు.

"ఇక చాలు మావయ్యగారూ! పోయినవాళ్ళు పోయారు. ఏముందిక్కడ, రాళ్ళు తప్ప?" అని అరిచేశాను.

పాప బిత్తరపోయి తాతయ్య చెయ్యి పట్టుకుంది. నేను ఒక గుమ్మం మీద కూలబడి ఏడ్చాను. అంతా చెప్పేశాను. ఉద్యోగం, పాసు, ఫోను, తలనొప్పి అబద్ధం, అన్నీ.

ఆయన నన్ను ఓదార్చలేదు. కొడుకు వైపు తిరిగారు.

"రెండు రోజుల్నుంచీ నన్ను ఊరు తిప్పుతున్నార్రా? నేనేమన్నా మీకు చుట్టపు చూపుగా వచ్చినవాడినా?"

"నాన్నగారూ, మీరు బాధపడతారని..."

"నోర్ముయ్. ముందు జీపెక్కు."

సమ్ చేరేసరికి మూడు దాటింది. గుడారాల పక్క రేకుల గదిలో ఫోన్. తొందరలో నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను. మావయ్యగారు రిసీవర్ లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, కాగితంలో నంబరు చూస్తూ తాపీగా నొక్కారు. తర్వాత తరగతి గదికంతా వినిపించే గొంతుతో, ఇంగ్లీషులో, "మేడమ్, నా కోడలు లైన్లో ఉంది. దయచేసి మీరు ఎక్కడికీ వెళ్ళవద్దు" అని నా చేతికిచ్చారు.

బయట టూరిస్టుల కోసం పాటగాళ్ళు డోలు మొదలుపెట్టారు. ఆయన వెళ్ళి, చేతులు జోడించి, వచ్చీ రాని హిందీలో వాళ్ళను ఆపించారు. తలుపు లేని ఆ గుమ్మానికి అడ్డంగా శాలువా పట్టుకుని, ఇసుక గాలి లోపలికి రాకుండా నిలబడ్డారు. నేను డేటాబేసుల గురించి ప్రశ్నలకు జవాబులు చెప్పాను. బాగానే చెబుతున్నానని తెలుస్తోంది. ఇరవై నిమిషాల తర్వాత, మేనేజరు "జీతం విషయానికొస్తే" అంటుండగా లైను తెగిపోయింది. చీకటి పడేదాకా ప్రయత్నించాం. మళ్ళీ కలవలేదు.

మావయ్యగారు ఇసుక దిబ్బ ఎక్కనేలేదు. ముప్ఫై రెండేళ్ళ పాఠం అక్కడ పాతిక గజాల దూరంలో ఉంది. వెళ్ళి చూసి రమ్మంటే, "దానికేం, ఎక్కడికీ పోదు" అన్నారు.

సింగపూర్ తిరిగొచ్చిన మర్నాడే నేనా కంపెనీకి వెళ్ళాను. మేనేజరు మంచివాడు, కాఫీ ఇప్పించాడు. నన్నే తీసుకోవాలనుకున్నాడట. ఆ వారమే కొత్తవాళ్ళను తీసుకోవద్దని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ తర్వాత నేను తొక్కని మెట్టు లేదు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని రైలెక్కేదాన్ని. సాయంత్రం లిఫ్టులో ఒంటరిగా దొరికిన పదకొండు అంతస్తుల సేపు ఏడ్చి, తలుపు తెరిచేముందు ముఖం తుడుచుకునేదాన్ని. ఉద్యోగం పోయిన ఇరవై మూడో రోజున మావయ్యగారు ఫోన్ చేశారు.

"మేడ మీద గదికి సున్నం వేయించాను. పాప స్కూలు గురించి మాట్లాడాను. మీరు వచ్చేయండి" అన్నారు. ఫోన్ పెట్టేసే ముందు, "కుల్ధరాలో గట్టిగా అన్నాను. మనసులో పెట్టుకోకు" అన్నారు.

నెలాఖరున ఫ్లాట్ తాళాలు ఇచ్చేశాం. టాక్సీ కోసం కింద నిలబడితే పాప కనిపించలేదు. బ్లాక్ వెనక ఆటస్థలంలో ఉంది. తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో తిండి తెచ్చుకునే ముందు టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపుకోవడాన్ని అక్కడ చోప్ చేయడం అంటారు. పాప తనకిష్టమైన ఉయ్యాల బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ సరిగ్గా మధ్యలో పెట్టి, గాలికి ఎగిరిపోకుండా పైన చిన్న రాయి పెడుతోంది.

"చోప్ ఆల్రెడీ, మమ్మీ. నోబడీ కెన్ టేక్ లా."

మా ఆయన మెయిన్ రోడ్డు మీంచి పిలుస్తున్నారు. టాక్సీ వచ్చింది. దాని చెయ్యి పట్టుకుని నడిచాను. ఎయిర్‌పోర్టు దాకా అది, తాతయ్య ఊళ్ళో ఉయ్యాల ఉంటుందా అని అడుగుతూనే ఉంది. ఉంటుందని చెప్పాను. ఉందో లేదో నాకు తెలియదు.