తన్నులు తినే అనియెల్లో

నేపుల్స్ జనాన్ని పుల్చినెల్లా అనే విదూషకుడి వేషంలో నవ్వించిన ముసలి నటుడు, వేషం వదిలే రోజున ఆనవాయితీ ప్రకారం అందరి ఎదుటా తన నల్ల ముసుగు తీసి, ఏళ్ల తరబడి శిష్యరికం చేసిన అనియెల్లోకి కాకుండా అల్లుడు సబాతోకి తొడిగాడు. అప్పటినుంచి పుల్చినెల్లా చేత తన్నులు తినే నౌకరు వేషమే అనియెల్లోకి మిగిలింది. ప్రతి సాయంత్రం చొక్కా కింద గోనెగుడ్డ చుట్టుకుని, వెల్లుల్లి రాసిన రొట్టె నములుతూ తెర పక్కన నిలబడేవాడు. కొట్టడానికి ఒక చీలిక కర్ర ఉండేది. దానికి చప్పుడెక్కువ, దెబ్బ తక్కువ. ఒకనాడు సబాతో దాన్ని అవతల పారేసి నిజం కర్రతో బాదాడు. అనియెల్లో కణత చిట్లింది.

"ఇంకొకటి తగిలించరా పుల్చినెల్లా! ముసలి నౌకరు భలే అరుస్తున్నాడు!" అని జాలర్లు బల్లలెక్కి కేకలేశారు. మా నేపుల్స్ భాష రాని ఫ్రెంచి సిపాయిలు కూడా పొట్టలు పట్టుకుని నవ్వారు. నాటకశాల యజమాని మురిసిపోయి, ఇకమీదట రోజూ ఆ కర్రే అన్నాడు.

తెర లాగే కుర్రాణ్ణి నేను. తెరవెనుక అతని నెత్తురు తుడుస్తూ, "మానెయ్ బాబాయ్, ఇంకా ఎందుకిది?" అన్నాను. మేం కలుసుకోవడం అదే ఆఖరు.

"జనం నవ్వేది వాడి దెబ్బకనుకున్నావురా? నా అరుపుకి. ఈ మాట వాడితో అనకు. తెలిసిందంటే, రేపట్నుంచి నోరు మూసుకుని తన్నులు తినమంటాడు."