తెల్లపళ్ళ సారు

మనవరాలికి పాలపళ్ళు ఊడి తెల్లటి కొత్త పళ్ళు వస్తున్నాయి. అవి చూసినప్పుడల్లా, నా చిన్నప్పుడు సీతారామపురం దగ్గర మా పల్లెకు బావినీళ్ళు పరీక్షకు తీసుకెళ్ళడానికి వచ్చిన సారు గుర్తొస్తాడు.

ఆయన నవ్వితే పళ్ళు తెల్లగా మెరిశాయి. మా ఊళ్ళో అందరివీ గోధుమరంగు గారపళ్ళు. తెల్లటివి, కట్టుడుపళ్ళు పెట్టించుకున్న మా తాతకే ఉండేవి. నాకు జాలేసింది.

"నీ పళ్ళు గూడా ఊడిపోయినాయా సార్?" అన్నాను.

ఆయన నా నోట్లోకి చూసి, "వీడు ఏ నీళ్ళు తాగుతాడవ్వా?" అని మా అవ్వనడిగాడు.

"ఈ బావివే నాయనా. ఎంత తియ్యంగా ఉండాయో!" అంది అవ్వ గర్వంగా.

ఆ నీళ్ళలో పళ్ళకు గారపట్టించే ఫ్లోరైడు ఉందని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. సీసాకు మూత బిగించి వెళ్ళిపోయేదాకా మా ముందు మళ్ళీ పెదవి విప్పి నవ్వలేదు.