ఓనరుకే తాళం వేసిన సరిత

కోదాడలో సరిత పనిచేసే స్టూడియోలో పెళ్లి వీడియో పూర్తయిందంటే అందరికీ గుండె దడే. ఓనరు సుధాకర్ మంచి మనిషే గానీ చేతులు ఊరుకోవు. ఎడిటర్ హరీష్ ముచ్చటగా తయారుచేసి పెట్టినదాన్ని తెరిచి, పెళ్లికొడుకు నెత్తిన గులాబీలు కురిపిస్తాడు, మూలన రెండు హంసల్ని ఈదిస్తాడు. ఎవరైనా ఏడుస్తుంటే అపశకునమని ఆ గొంతు తీసేసి సినిమా పాట తగిలిస్తాడు.

ఈసారి వచ్చింది సరిత చెల్లెలి పెళ్లి వీడియో. నేరేడుచర్ల దగ్గరి తండాలో జరిగింది. అప్పగింతల వేళ నాయనమ్మ సాలి, పెళ్లికూతురు ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుస్తూ పాడిన ‘ఢావ్‌లో’ అనే వీడ్కోలు పాట అందులో ఉంది. లంబాడీల పెళ్లిలో ఆ పాట లేకపోతే పిల్లను సాగనంపినట్టే కాదు. ఇంట్లో ఆఖరి ఆడపిల్ల పెళ్లి అదే. సాలి మళ్లీ ఆ పాట పాడదు. అది ఎక్కడ పోతుందోనని సరితకు నిజంగానే భయం వేసింది.

షాపులో సిస్టమ్‌ల బాగోగులు ఆమెవే. వాటిని నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్, ఫైలు ముట్టుకోబోయే ప్రతివాడినీ నిలదీస్తుంది. నువ్వు దీని ఓనరువా? కాకపోతే గ్రూపులో ఉన్నావా? అదీ లేకపోతే బయటివాడివా? చూడొచ్చా, మార్చొచ్చా అన్నది ఒక్కొక్కరికి వేరుగా రాసి ఉంటుంది. మనిషెవరో తేలగానే వాళ్ల వరస ఒక్కటే చూసి ఆగిపోతుంది. సరిత చెల్లెలి పెళ్లి ఫోల్డరులోని ఫైళ్లకు ఓనరుగా ఉన్న సుధాకర్‌కు చూసే అనుమతి ఉంచి, మార్చేది తీసేసింది. హరీష్ ఉన్న గ్రూపుకు రెండూ ఉంచింది.

మధ్యాహ్నానికల్లా సుధాకర్ కేక వినబడింది.

“ఇదేందమ్మా సరితా! షాపు నాది, ఫోల్డరు నా పేరు మీద ఉంది. హరీష్ మారిస్తే మారుతది, నేను సేవ్ కొడితే అనుమతి లేదంటది!”

“మీరు ఓనరని మొదలే తేలింది సార్. ఇగ గ్రూపుల ఉన్నరా లేదా అని సూడది. పెండ్లిల పిల్ల తండ్రిని ఎవరన్న చుట్టాలతోని ముందు బంతిల కూసోబెడ్తరా?”

“నాకే తాళం వేస్తవా? తియ్యి. లేకుంటే రేపటి నుంచి రాకు!”

తీయడం కుదరదని సరిత అబద్ధం చెప్పలేకపోయింది. “ఓనరు తన అనుమతి తనే మార్సుకోవచ్చు సార్. ఆ హక్కు ఎటూ పోదు.” ఆయన సిస్టమ్‌లో ఆ అనుమతి తిరిగిచ్చే లైను ఒకటి టైపు చేసి కీబోర్డు ముందుకు జరిపింది. “ఎంటర్ కొట్టుడు మీ ఇష్టం. జర ముందు మొత్తం సూడుండ్రి.”

ఎంటర్ ఎప్పుడైనా కొట్టొచ్చులే అని సుధాకర్ వీడియో చూశాడు. సాలి ఏడుస్తూ పాడుతోంది. మధ్యలో ఆగి, మనవరాలి ముక్కు కొంగుతో తుడిచి, ఫక్కున నవ్వి, మళ్లీ అందుకుంది. పెళ్లికూతురూ ఏడుస్తూనే నవ్వింది. సుధాకర్‌కూ నవ్వొచ్చింది, వెంటనే కళ్లు తుడుచుకున్నాడు.

“నేను గీ ముసలమ్మ గొంతు తీసేద్దామనుకున్న” అన్నాడు. టైపు చేసిన లైనును ఒక్కొక్క అక్షరమే చెరిపేశాడు. “మిగతా పెళ్లిళ్లకు గూడ ఇట్లనే పెట్టు సరితా. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు.”

సరితకు ప్రాణం లేచొచ్చింది. ఆయన తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి చిన్నగా అడిగాడు. “ఆఖర్ల ఒక్క గులాబీ?”

“హరీష్‌ను అడుగుండ్రి సార్. ఆయనకుంది అనుమతి.”