కనుబొమ్మను వెతికిన వారం

మా ఆడపడుచు పేరు నమ్యాలో. ఆమెకి పుట్టుకతోనే చెవులు వినపడవు. నేను కిగోజీని చేసుకుని కంపాలాలో నకులబ్యె పేటలోని ఆ ఇంటికి వచ్చేసరికి ఆమెకి పంతొమ్మిదేళ్ళు. ఇంట్లోవాళ్ళు ఆమెతో మాట్లాడేది మూడే ముక్కలు: తిను, రా, అది కాదు. వినపడని పిల్లల బడిలో ఏడో తరగతి దాకా చదివింది, ఇంగ్లీషు నాకన్నా శుభ్రంగా రాస్తుంది. అయినా మా అత్తగారు ఆమె ఎదురుగానే కూర్చుని ఆమె మీద చాడీలు చెప్పేది. నాకు ఒళ్ళు మండేది. ఆ మంటలోనే చేతులతో మాట్లాడటం నేర్చుకున్నాను. ప్రేమతో నేర్చుకున్నానని చుట్టుపక్కలవాళ్ళు అంటారు కానీ, అత్తగారి మీద కోపంతో నేర్చుకున్నాను.

ఆరేళ్ళ కిందట, బడిలో తనతో చదివిన ఒకామె ఆమెని చెవులు వినపడనివాళ్ళ వాట్సాప్ గుంపులో చేర్చింది. ఆ గుంపులో ఎవరూ రాయరు. చేతులతో మాట్లాడి వీడియో తీసి పెడతారు. అంతవరకూ వరండాలో మిషను మీద తలొంచుకుని యూనిఫాంలు కుట్టుకునే పిల్ల, ఆ నెలంతా పొయ్యి మీద అరటికాయల మటోకె మాడిపోతున్నా పట్టించుకోలేదు. ఎవరు ఎవరితో తిరుగుతున్నారు, ఎవరి యజమాని ఎలాంటి వెధవ, ఎవరికి ఆడపిల్ల పుట్టింది, అన్నీ అందులోనే. పన్నెండు మంది కాస్తా అరవై అయ్యారు.

తర్వాత శనివారాలు కలుసుకోవడం మొదలుపెట్టారు, మొక్కజొన్న పిండిమర పక్కన. ఆ మర చప్పుడుకి అక్కడ ఇంకెవరూ కూర్చోలేరు కాబట్టి నీడంతా వీళ్ళదే. నేనూ వెళ్ళేదాన్ని. మర హోరులో నా తల పగిలిపోతుంటే వాళ్ళు హాయిగా కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

వాళ్ళలో పేర్లుండవు. ఉంటాయి, ప్రభుత్వం కార్డులో. వాళ్ళ మధ్య ఒక్కొక్కరికీ ఒక్కో సైగ, అదీ వాళ్ళే పెడతారు. నమ్యాలో అంటే వేలి కొస మీద సూది గుచ్చినట్టు. నాకు పెట్టినది పెదాల దగ్గర నాలుగు వేళ్ళూ బొటనవేలూ టపటప కొట్టుకోవడం. వాగుడుకాయ అన్నమాట. ఆ రోజు అలిగి అన్నం తినలేదు నేను.

మసాకా వైపు నుంచి వచ్చి చెప్పులు కుట్టుకునే కుర్రాడొకడు రెండేళ్ళ కిందట గుంపులో చేరాడు. ఎడమ కనుబొమ్మ మధ్యలో పాత గాటు. వేలితో ఆ కనుబొమ్మని అడ్డంగా కోసినట్టు చూపిస్తే అతనే. బడి మొహం చూడలేదు, రాయడం చదవడం రాదు. మొదట్లో ఇంట్లో సొంతంగా అల్లుకున్న సైగలు చేసేవాడు. వీళ్ళు పగలబడి నవ్వి, నవ్వుతూనే నేర్పారు. అతనికి దుకాణంలోనో దవాఖానాలోనో పని పడితే నమ్యాలోకి వీడియో కాల్ చేసి ఫోను అక్కడివాళ్ళ వైపు తిప్పేవాడు. అతని చేతులు నమ్యాలో చదివేది, నమ్యాలో చేతులు నేను చదివి నోటితో చెప్పేదాన్ని. గుంపులో సగం మందికి అదే దారి. ఎవరి పళ్ళ నొప్పి ఎప్పుడు మొదలైందో కూడా నాకు తెలుసు.

ఎన్నికల వారం. మంగళవారం సాయంత్రం కనుబొమ్మ అబ్బాయి వీడియో పెట్టాడు. "కడుపులో బాగా లేదు. కొండ మీది ఆస్పత్రికి పోతున్నా. అక్కడికి వెళ్ళాక కాల్ చేస్తా, దగ్గరే ఉండండి." అంతే. పొద్దున లేచేసరికి దేశమంతా నెట్ లేదు. ఎన్నికలని ప్రభుత్వమే ఆపేసింది, మొబైల్ మనీతో సహా.

చెవులున్నవాళ్ళకి ఏం పోయింది? మామూలు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మా ఆయన వాళ్ళ ఇంకో చెల్లెలితో, బావతో, ఊళ్ళో ఎవడితో పడితే వాడితో పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉన్నాడు. నమ్యాలో మాత్రం ఫోను గాలిలోకి ఎత్తి ఇంటి చుట్టూ తిరిగింది.

అతని నంబరుకి నేను చేశాను. ఎత్తాడు. ఫోను వణికి ఉంటుంది చేతిలో. పిల్ల ఏడుపు, బండి చక్రాల చప్పుడు, అతని ఊపిరి వినిపించాయి.

"నాయనా, పక్కన ఎవరుంటే వాళ్ళకియ్యి ఫోను. నర్సుకియ్యి" అని అరిచాను. ఎవరితో అరుస్తున్నాను? నమ్యాలో నా మొహమే చూస్తోంది. అతను ఫోనులో మా మొహాల కోసం చూసుకుని ఉంటాడు. పెట్టేశాడు. మళ్ళీ చేశాను, మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పెట్టేశాడు. మధ్యాహ్నం నాలుగోసారి చేసేసరికి అతని ఫోనే పనిచెయ్యలేదు.

కొండ మీది ఆస్పత్రి అంటే ఏది? కంపాలాలో కొండ మీద లేని ఆస్పత్రి ఉందా? మొదటిదానికి నడిచే వెళ్ళాం. గేటు దగ్గర కాపలావాడు తీరిగ్గా అడిగాడు. "పేరేంటమ్మా?"

"పేరు తెలీదు, అన్నా. కనుబొమ్మ మీద గాటుంటుంది."

"ఏమవుతాడు మీకు?"

"స్నేహితుడు. రెండేళ్ళ నుంచి."

"రెండేళ్ళ స్నేహానికి పేరు తెలీదా? ఎవరి చెవిలో పువ్వు పెడతావు, అక్కా?"

నమ్యాలో ముందుకొచ్చి కనుబొమ్మ మీద వేలితో గీసి చూపించింది. మళ్ళీ మళ్ళీ గీసింది. వాడికి అది ఈగని తోలుకుంటున్నట్టు కనిపించిందేమో, నవ్వాడు. ఆమెకి అంతకన్నా స్పష్టంగా పేరు చెప్పడం రాదు. నాకు ఆ చెంప పగలగొట్టాలనిపించింది, కానీ వాడి తప్పేముంది? నేనైనా అలాగే అడుగుతాను.

రెండో ఆస్పత్రిలో కిటికీ దగ్గరామె ఇంకా మర్యాదస్థురాలు. "రిజిస్టరంతా పేర్ల మీదే ఉంటుంది, అక్కా. పేరు లేకుండా నేనేం వెతకను?" అంది. గురువారం ఓట్లు, శుక్రవారం రోడ్ల నిండా సైనికులు. "ఆగు" అని వాళ్ళు వెనక నుంచి అరిస్తే నమ్యాలో ఆగదు. అందుకే తలుపుకి గొళ్ళెం పెట్టి, దానికి అడ్డంగా స్టూలేసుకుని కూర్చున్నాను. ఆ రెండు రోజులూ ఆమె నా మొహం చూడలేదు.

శనివారం ఎవరూ ఎవరినీ పిలవలేదు. పిలిచే దారీ లేదు. అయినా మర దగ్గరికి తొమ్మిది మంది నడిచొచ్చారు. నమ్యాలో సంగతి చెప్పింది. నిలబడ్డ చోటే ఆస్పత్రులు పంచుకుని తలో కొండ వైపూ బయల్దేరారు.

మా వాటాకి వచ్చిన ఆస్పత్రిలో ఒక ముసలాయన, శవాలు చూసుకునే ఆయన, ఎక్కువ ప్రశ్నలు వెయ్యలేదు. "పేరు తెలియని మగమనిషి ఒకడున్నాడు. మాట లేదని రాశారు. చూస్తారా?" అన్నాడు. నమ్యాలో ఒక్కతే లోపలికి వెళ్ళింది. బయటికొచ్చి గోడకి ఆనుకుని కింద కూర్చుంది. శుక్రవారం పొద్దున పోయాడట.

కబురు అంది మసాకా నుంచి అతని అన్న వచ్చాడు. శవపెట్టె చెక్క మీద లుబోవా మత్తియా అని రాయించాడు. నమ్యాలో ఆ అక్షరాలు చదువుకుని, "ఎవరితను?" అని అడిగింది నన్ను.

సోమవారం మధ్యాహ్నం నెట్ వచ్చింది. ఊళ్ళో ఆ అన్న తమ్ముడి ఫోను ఛార్జింగుకి పెట్టి తెరిచాడట. మిషను మీదున్న నమ్యాలో ఫోను ఆగకుండా వణికింది. ఆస్పత్రిలో తీసి పంపితే పోకుండా ఆగిపోయిన అతని వీడియోలు ఏడు, ఒకదాని వెనక ఒకటి.

మొదటివాటిలో మా మీద కోపం. ఎక్కడున్నారు, ఎందుకు కనపడరు, మీరు కాల్ చేస్తే నాకు తెర నల్లగా వస్తోంది. తర్వాత కోపం లేదు. బొడ్డు దగ్గర చెయ్యి పెట్టి, కుడివైపు కిందికి జరిపి, అక్కడ పిడికిలి బిగించాడు. అదే మూడుసార్లు. చివరిదాంట్లో అతను లేడు. ఫోను తిప్పాడు. అలసిపోయిన ఒక చిన్న నర్సు. అవతల మనుషులున్నారనే అనుకుంది పాపం, తిన్నగా మా వైపే చూస్తోంది.

"ఏమంటోంది?" అని నమ్యాలో నా భుజం కుదిపింది.

"నొప్పి మొదట ఎక్కడ మొదలైందో కాస్త అడిగి చెప్పండమ్మా అంటోంది" అన్నాను చేతులతో.

నమ్యాలో ఫోను మిషను మీద నిలబెట్టి, దాని ఎదురుగా సరిగ్గా కూర్చుని, బొడ్డు దగ్గర మొదలై కుడివైపుకి దిగిందని ఓపిగ్గా చెప్పింది. చెప్పి, ఎప్పటిలాగే నా వైపు తిరిగి, నేను నోటితో చెప్పడం కోసం ఆగింది.

నేను చెప్పాను.