వల అచ్చు మీద పడ్డ రంపం

బలిఘట్టం శివుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నర్సీపట్నంలో నా మాట నమ్మేవాళ్ళు తక్కువని నాకూ తెలుసు. టీ కొట్టు దగ్గర నేను నోరు విప్పగానే గ్లాసు కిందపెట్టి నవ్వడానికి సిద్ధపడే నా ఈడువాళ్ళందరికీ ముందే మనవి చేసుకుంటున్నాను, ఈ ఒక్కసారికి ఆ నవ్వు దాచుకోండి.

మొన్న ఆదివారం పొద్దున్న మా చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడు, మా గుమ్మంలోకి వచ్చాడు. ఒకే గోడకు అటూ ఇటూ పెరిగి, పెద్దవాళ్ళ దినకార్యాలకు తప్ప ఒకరి మొహం ఒకరం చూసుకోనివాళ్ళం మేము. నేను రమ్మనలేదు, కుర్చీ వెయ్యలేదు. చంకలో గోనెగుడ్డ చుట్టిన వస్తువుతో నిలబడి, "నీకాడున్న సగం కూడా తియ్యన్నియ్యా, సూద్దారి" అన్నాడు. గోనెగుడ్డ విప్పకుండానే లోపలున్నదేమిటో నాకు తెలిసిపోయింది. మా ఇంటి వల అచ్చులో వాళ్ళ వాటా అది.

వల అంటే చెరువులో విసిరేది కాదు. టెన్నిస్ బ్యాటులాంటి చెక్క చట్రం, దానికి పిడి, కింద వేలాడే అల్లిక సంచి. చల్లని దేశాల దొరలు ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను గాలానికి తగిలించి, ఏట్లో మోకాలిలోతున నిలబడి చేపను పడతారట, పడ్డ చేపను దెబ్బ తగలకుండా ఈ వలలోకి తీసుకుని, ముచ్చటగా చూసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారట. మిషను చర్చికి వచ్చిన ఒక దొర విరిగిన వలను మా తాత బాగుచేసి ఇవ్వడంతో, ఆయన స్నేహితులూ, వాళ్ళ స్నేహితులూ ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళు మా చేత వలలు చేయించుకోవడం మొదలుపెట్టారు. పట్టి వదిలేస్తారన్న సంగతి మాత్రం చిన్నాన్నకు చచ్చేదాకా మింగుడుపడలేదు. "పులుసెట్టుకోనోడికి సేపెందుకు, వలెందుకు? ఆళ్ళిళ్ళల్లో పొయ్యిలు లేవేటి?" అని ప్రతి వలనీ తిడుతూనే చేసేవాడు.

చట్రం నాన్నది, పిడి చిన్నాన్నది. పల్చని టేకు బద్దలను రేకు గొట్టంలో ఆవిరిపట్టి, మెత్తబడగానే తాత చెక్కిన అచ్చు చుట్టూ వంచి బిగించేవాడు నాన్న. ఆయన చేతిలో టేకు తాటాకులా వంగేది. ఒకసారి పరధ్యానంలో కొలబద్దను కూడా ఆవిరిపట్టి వంచేస్తే, ఆ వారమంతా మా ఇంట్లో కొలిచినవన్నీ గుండ్రంగానే వచ్చాయి. చిన్నాన్న పనస చేవతో పిడి చెక్కి, బొటనవేలు ఆనే చోట పల్లం తీసేవాడు. ఆ పిడి పరాయివాడు పట్టుకుంటే చిరాకుపడేదంటే మీరు నమ్మాలి.

అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. కారణం ఎవరినడిగినా అవతలివాణ్ణి అడగమనేవారు. మధ్యగోడకు ఉన్న చిన్న కిటికీలోంచి చట్రం అటు వెళ్ళేది, పిడి తొడిగించుకుని ఇటు వచ్చేది. కిటికీ పక్కన బియ్యం ఏరుకునే అమ్మే ఇద్దరికీ టెలిఫోను.

"వదినా, మీ ఆయనకి సెప్పు, సట్రం బేగి పంపమని. ఆ బద్దలు ఆరేసరికి నాను ముసిలోణ్ణయిపోతన్నాను."

చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న నాన్న, "ఆడి పిడి గరిటెలాగుందని సెప్పు. దొరగారు సాంబారు కలుపుకుంటారేమో కనుక్కోమను" అనేవాడు.

"ఇద్దరికీ ఇనబడింది కదా, నన్నొగ్గీండి" అని అమ్మ బియ్యంలో రాయి ఏరి పారేసేది.

అలాగైనా బండి నడిచేది. మామూలుగా గాలం కుడిచేత, వల ఎడమచేత పట్టుకుంటారు. ఒక దొరది ఎడమచేతివాటం, వల కుడిచేతికి కావాలి. ఆ సంగతి నాన్నకు తెలుసు. దొర చెయ్యి ఆనించి గీసి పంపిన కాగితాన్ని కిటికీలోంచి తోశాడు తప్ప, ఆ ఒక్క ముక్క చెప్పలేదు. కాగితం మీది గీతను తిరగేస్తే ఏ చెయ్యైనా ఒకటే. చిన్నాన్న అలవాటు ప్రకారం ఎడమచేతికే పల్లం తీశాడు. పిడి జారి, ఆ దొర జన్మలో చూడనంత చేప పోయిందట. వల తిరుగు పార్సిలులో వచ్చింది, ఆర్డర్లు ఆగిపోయాయి.

"అడగలేకపోయాడా?" అని నాన్న గోడతో అన్నాడు.

"సెప్పలేకపోయాడా?" అంది గోడ.

ఆ వారమే పంపకాలు. ఉలులూ బాడిసెలూ తేలిగ్గానే తెగాయి, అచ్చు దగ్గర ఇద్దరూ పట్టు విడవలేదు. చివరికి దాన్ని కోసి చెరి సగం తీసుకుందామన్నారు. పాత మద్ది చేవ, రెండువైపులా మనుషులు కూర్చుని లాగే రంపానికి తప్ప లొంగదు. పరాయి మనిషిని ముట్టనివ్వలేదు. అటు చిన్నాన్న, ఇటు నాన్న. ఒకడు లాగితే ఒకడు వదలాలి, లేకపోతే రంపం పట్టేస్తుంది. ఒక్కసారీ పట్టలేదు. వాళ్ళిద్దరూ అంత కలిసికట్టుగా చేసిన పని నేను అంతకుముందు చూడలేదు. సగం అచ్చు మీద ఏ బద్దా వంగదని ఇద్దరికీ తెలుసు. అయినా చెమట తుడుచుకుని ఎవరి సగం వాళ్ళు పట్టుకుపోయారు.

మొన్న ఆ రెండు సగాలనీ తమ్ముడూ నేనూ అరుగు మీద ఆనించి చూశాం. రంపం తిన్న మేర అచ్చు ఇరుకైంది. మధ్యలో పల్చని చెక్కపేడు పెడితే సరిపోయింది. తమ్ముడు నవ్వాడు.

ఇక ఒట్టు సంగతి. రంపం నిజం, కిటికీ నిజం, వంగిన కొలబద్ద నా దగ్గరే ఉంది, వచ్చి చూసుకోండి. కల్పించింది ఒక్కటే. తమ్ముడు రాలేదు. గోనెగుడ్డ చంకన పెట్టుకుని వాడుండే వీధికి వెళ్ళినవాణ్ణి నేను. వాడు గ్రిల్లు తాళం తియ్యకుండానే, "అడగడానికొచ్చావా, ఇవ్వడానికొచ్చావా?" అన్నాడు. వాడి భుజం మీదుగా హాలు గోడకు వాళ్ళ సగం వేలాడుతూ కనబడింది. వచ్చిన పని ఒక్క మాట చెబితే చాలు. "ఇటేపు పనుండొచ్చాన్లే" అన్నాను. వాడి చూపు నా చంక దాకా పోయి వెనక్కి వచ్చింది. "అలాగైతే ఎల్లిరా" అన్నాడు.

నాన్నా చిన్నాన్నా ఒకరినొకరు తిట్టుకున్నా, ఒకడి చెక్క రోజూ ఒకడి చేతికి చేరేది. మాకు తిట్టుకోవడానికైనా ఒక పని మిగల్లేదు.